ఇసుక బస్తా సీటు

పార్కు గేటు తెరవకముందే
సుత్తి పట్టుకుని పట్టాల వెంట ఎక్కుతాను.
ఒక్కో బోల్టుకీ ఒక్కో దెబ్బ.
బిగువుగా ఉన్నది ఠంగుమంటుంది,
వదులైంది పుచ్చుపన్నులా డొక్కుమంటుంది.
ముట్టుకాడు ఉప్పుగాలికి ఇనుము
రోజూ ఏదో ఒకటి చెప్పుకుంటూనే ఉంటుంది.
ఇరవై రెండేళ్లుగా వింటున్నాను.

తరవాత ఖాళీ బండిలో ఇసుక బస్తాల్ని కూర్చోబెడతాం,
ఒక్కోటీ ఓ మనిషి బరువు.
గొలుసు గటగటా పైకి లాక్కెళ్లి అంచున వదిలేస్తుంది.
ఆ పెద్ద సున్నాలో తల్లకిందులై తిరిగొస్తాయి.
కేకలు వెయ్యవు.
దిగాక ఫోటో అడగవు.

మొన్న ఆదివారం గొలుసు పట్టేసింది.
బండి ఎత్తు మధ్యలో ఆగిపోతే
పదహారు మందిని మెట్లమీదుగా దింపాం, నేనూ కదిరవనూ.
కాలేజీ కుర్రాళ్లు దేవుళ్లందర్నీ పిలుస్తూ దిగారు.
మూడో పెట్టెలో ఒక ముసలామె మాత్రం బారు వదల్లేదు.
సూళ్లూరుపేట కామాక్షమ్మ,
చీటీల ఆడవాళ్లతో కలిసి వ్యాన్లో వచ్చిందట.
"ఎనిమిది వందలు పోశాను నాయనా,
ఎక్కించి, తిప్పకుండా దించేస్తే ఎట్టా?"
నేను తెలుగులో బతిమాలితే
"మనోడివేనా? అయితే నువ్వే తిప్పించు" అంది.
చివరికి దిగింది.
నూట పద్నాలుగు మెట్లు, నూట పద్నాలుగు తిట్లు.

సాయంత్రానికి గొలుసు బాగైంది.
మళ్లీ బస్తాలెక్కించాం.
వ్యానువాడు హారన్ కొడుతున్నా ఆమె
కంచె పట్టుకుని నిలబడింది.
తన సీట్లో బస్తా కూర్చోవడం చూసింది,
అది లేవడం, వాలడం, తల్లకిందులవడం,
ఏమీ ఎరగనట్టు తిరిగి రావడం.
"పైన దానికేం కనబడుంటుందబ్బయ్యా?"

"సముద్రం" అన్నాను, "నెత్తిమీద."
"చేపలు?"
"చేపలు కూడా."
పైపన్ను లేని సందులోంచి నవ్వి
కొంగు దోపుకుని వెళ్లిపోయింది.

అబద్ధం చెప్పాను.
ఆ సున్నా నెత్తిన నడుముకి బెల్టు కట్టుకుని
వెయ్యిసార్లు నిలబడ్డాను, నిటారుగా.
ఒక్కసారీ కూర్చుని తిరిగినవాణ్ణి కాదు.

ఇవాళ పొద్దున మూడో పెట్టెలో ఒక బస్తాని కిందికి దించి
ఆ చోట్లో నేను కూర్చున్నాను.
కదిరవన్ ఏమీ అడగలేదు, బటన్ నొక్కాడు.
ఎక్కేటప్పుడు నా బోల్టులన్నీ లెక్కపెట్టాను.
పక్కన బస్తా పలకలేదు.

సున్నా మొదలవగానే
కళ్లు గట్టిగా మూసుకున్నాను.
చొక్కా జేబులో చిల్లర మాత్రం
గలగలమంటూ పైకి,
సముద్రం వైపు పడిపోయింది.