పరీక్షకు రానిది

ఫర్వానియా. రాత్రి డ్యూటీ.
మైనస్ ఎనభై ఫ్రీజర్లోంచి తీశాను
గోరంత కాలేయం ముక్క.
ట్యూబు మీద నంబరే.
సూది దిగుతుంటే "ఓ అవ్వా" అన్నాడు,
అప్పుడడిగాను పేరు: లింబాద్రి.

ఇందులో ఒక పొడుగాటి ఆర్‌ఎన్‌ఏ.
ప్రోటీన్ ఒక్కటీ అల్లదు.
కడపలో మా సారు చెత్త అన్నాడు దాన్ని,
పరీక్షకు రాదు, వదిలెయ్యండన్నాడు.

ఇప్పుడు తెరమీద దాని గీత
ఇరవయ్యో సైకిల్‌కే నిక్కింది.
కాపలా జన్యువు నోరు నొక్కేసి
కణాన్ని కదిలిస్తోంది
ఊపిరితిత్తుల దాకా.

లెక్కలో లేనిది, కాయితం లేనిది,
ఖల్లివెల్లి అనబోయి
నాలుక కరుచుకున్నాను.
ఆ మాట లింబాద్రిది.
అకామా పోయి నాలుగేళ్లు
జలీబ్‌లో దాక్కుని సెంట్రింగ్ కొట్టినవాడిది.
అతను ఎవరి నోరూ నొక్కలేదు.

మెషిన్ని ఇంకోసారి నడిపాను.
గీత మళ్ళీ అక్కడే లేచింది.