నకివుబో కాలువ నీళ్ళు

తాడు కట్టిన సీసాని
నబుకెన్యా కాలువలోకి దింపుతుంది.
కంపాలా ఇంకా ఆవలిస్తోంది.
నిన్నటి అరటికాయ తొక్కలు, సబ్బు నురగ,
ఆసుపత్రి వెనక గొట్టంలోంచి గోరువెచ్చగా ఏదో,
ఎవరిదో ఒంటి నీలం చెప్పు.

"చేపలేమైనా పడ్డాయా అక్కా?"
బోడా బండి కుర్రాడి వేళాకోళం రోజూ ఉండేదే.
పడ్డాయనే అంటుంది, మూత బిగిస్తూ.

ల్యాబులో గాజుపళ్ళెం నిండా బూడిదరంగు నాచులా అవి.
మధ్యలో మందులో నానిన
అయిదు కాగితపు బిళ్ళలు.
మునుపు ఒక్కో బిళ్ళ చుట్టూ
కళ్ళాపి చల్లిన వాకిలంత శుభ్రంగా వలయం ఉండేది.
ఇవాళ నాలుగింటి అంచుదాకా
పాకి వచ్చి కూర్చున్నాయి,
పిలిచి పీట వేసినట్టు.

అయిదోదాని చుట్టూ మాత్రం గోరంత ఖాళీ.
స్కేలు పెడుతుంది. తొమ్మిది మిల్లీమీటర్లు.
పోయిన వానలప్పుడు పద్నాలుగు.

రాస్తుండగా గుర్తొస్తుంది
ఇంట్లో అలమార మీది టీ డబ్బా.
అందులో
జ్వరం దిగిందని మూడోరోజే ఆపేసిన
కొడుకు కిజ్జా బిళ్ళలు, ఆరు.
మళ్ళీ పనికొస్తాయని తనే దాచింది.

కలం ఆగదు. తేదీ వేసి సంతకం పెడుతుంది.
ఇంటికెళ్ళి చేతులు మోచేతుల దాకా
రెండుసార్లు కడుక్కుంటుంది.

ఆ నీళ్ళూ అటే.