పదహారు రంగుల్లో తోతాపురి

గుజ్జు ఫ్యాక్టరీకి కంప్యూటరొచ్చింది లెక్కలకని.
టన్నులు, డ్రమ్ములు, కూలి బాకీలు.
సాయంత్రం ఆరు దాటితే దాని ముందు
మొగిలీశ్వరక్క కూర్చునేది.
టైపిస్టు. బోర్డులు రాసే చెంగల్రాయులు కూతురు.

నేనప్పుడు టీ మోసే పిల్లోణ్ణి.
గ్లాసు పెట్టి పోకుండా నిలబడి చూసేవాణ్ణి.
సబ్బుబిళ్లంత మౌసు పట్టుకుని
చుక్క పక్కన చుక్క, చుక్క పక్కన చుక్క,
చీమలు చక్కెర మోసినట్టు.

ఉండేది పదహారు రంగులు.
పసుపుంది, అది నిమ్మకాయది.
ఎరుపుంది, అది ఫైరింజనుది.
జూన్ రెండోవారం బంగారుపాళ్యం మండీలో
తోతాపురి బుగ్గ మీద పొడిచే ఆ రంగు మాత్రం లేదు.
"లేకపోతే పోయిందిలేరా,
పక్కపక్కన పెడితే కండ్లే కలుపుకుంటాయి" అనింది.
వెనక్కి జరిగి చూడమనింది.
జరిగినాను. తలుపు దాకా.
వరండా దాకా.
అక్కణ్ణుంచి పండింది కాయ.

అంతలో కరెంటు పోయింది.
ఆ వేసవిలో ఎనిమిదిసార్లు పోయింది, బొమ్మ దాచుకోకముందే.
తొమ్మిదోసారి ఫ్లాపీని క్యారియరు గిన్నెలో పెట్టి
వేలూరు మీదుగా శివకాశికి పోయింది.
ప్రెస్సాయన దాన్ని అటూ ఇటూ తిప్పి
"పడం ఎంగమ్మా?" అన్నాడంట.

వాళ్ల నాయన ముట్టుకోను గూడా లేదు.
"చేతికి రంగంటని బొమ్మ యాడిదిమే?
కిరసనాయిలు వాసన లేదు.
తప్పు చేస్తే చెరిగిపోతాదంట, మచ్చయినా మిగలదంట.
మచ్చ లేంది పనెట్లయితాది?"

పత్రికల అట్టలు, పిల్లల పుస్తకాలు,
పలక మీద పెన్నుతో గీసే రోజులొచ్చినాక గూడా
ప్రతి బొమ్మలో ఏదో ఒక మూల
జారిన గీత ఒకటి వదిలేసేది.
ఎడిటర్లు ఫోన్ చేస్తే
"అది మా నాయనది, ఉండనీండి" అనేది.

గాంధీరోడ్డులో మేడమీద గది.
పలమనేరు నుంచి, పుత్తూరు నుంచి పిల్లలు.
ఎంత పెద్ద మిషనొచ్చినా వాళ్లకు చెప్పేది ఒకటే:
"ఎంత దగ్గరికి పోతావో పో. మళ్లా వరండాలోకి పోయి చూడు."

మొన్న బెంగళూరు నుంచి ఎవరో వచ్చినారు,
తొలి బొమ్మలు మ్యూజియంలో పెడతామని.
అటక మీది అట్టపెట్టె దించినాం.
నూటపన్నెండు ఫ్లాపీలు. బూజు.
ఒక్కటీ తెరుచుకోలా.
అక్క నవ్వబోయి దగ్గింది.
కండ్లద్దాలు తుడుచుకుంటా చానాసేపు ఉండిపోయింది.

నేను ఇంటికి పోయి
మా ఆవిడ బియ్యం కొలిచే డబ్బా తెచ్చినాను.
అంచంతా తుప్పు.
టేపేసి అతికించిన సగం లేబులు.
ఆ సగంలో బుగ్గ ఎరుపు ఇంకా ఉండాది.

వాళ్లు భూతద్దం పెట్టి చుక్కలు లెక్కపెడతా ఉంటే
అక్క నా చెయ్యి పట్టుకుని వరండాలోకి లాగింది.
"అంత దగ్గర్నుంచి ఏం కనపడతాదిరా వాళ్లకు."

డబ్బా సాయంత్రానికి తిరిగిచ్చేయమన్నాను.
రాత్రికి బియ్యం కొలవాల.