నాలుగు పక్కన సున్న

ఏడుంబావు.
కిటికీ అవతల పూనమల్లి హైరోడ్డు అప్పుడే అరుస్తోంది.
ఇవతల ముప్పై రెండు మంచాలు, ఒక ఫ్యాను మూలుగు.
నేను సెకండియర్.
సూళ్లూరుపేట తెలుగు,
హాస్టల్ మెస్సులో నేర్చుకున్న అరకొర తమిళం,
ఇంకా కరుస్తూనే ఉన్న తెల్ల బూట్లు.

ఐదు వేళ్ల మీద ఐదు మాటలు నాకు కంఠతా వచ్చు.
సరైన మనిషి, మందు, మోతాదు, దారి, వేళ.
పరీక్షలో పదికి తొమ్మిదిన్నర.
ఆ అర మార్కు ఎందుకు కోశారో అడగాలనిపించలేదు.

పద్నాలుగో మంచం దగ్గర "గోవిందమ్మాళ్?" అన్నాను.
"ఆమా" అంది.
పక్క మంచం ఆవిడా "ఆమా" అంది.
తెల్లబట్టల్లో ఎవరొచ్చి ఏ పేరుతో పిలిచినా
వాళ్లు ఆమానే అంటారు.
మర్యాద అది. భయం కూడా.
"పేరు నువ్వు చెప్పకు, ఆమెతో చెప్పించు"
వెనకనుంచి తిలకవతి సిస్టర్.
చెప్పించాను.
తన పేరు చెప్పింది, మొగుడి పేరు చెప్పలేదు.
నోటితో అనకూడదట,
చేతి పట్టీ వైపు గడ్డంతో చూపించింది.

మనిషి సరే.

చార్టు మీద రాత్రి రెండింటికి రాసిన రాత,
నిలబడి నిద్రపోతున్న అక్షరాలు.
ఇన్సులిన్. నాలుగు. దాని పక్కన సున్న.
నలభై.

ఎర్ర మూత సిరంజి. సీసా తలకిందులు.
గీత తర్వాత గీత ఎక్కింది మందు,
చివరి గీత దాకా.
బుడగ ఒకటి, వేలితో కొడితే పైకి పోయింది.
నిండు సిరంజి ఎంత ముచ్చటగా ఉందో!
ఆ నిండుదనం దగ్గరే నేను ఆగాల్సింది.
ఆగాను గానీ, అనుమానంతో కాదు,
రెండో మనిషి చూడాలన్న రూలు కోసం.

ఆవిడ నన్ను చూడలేదు, సిరంజినీ చూడలేదు.
కళ్లద్దాలు సవరించుకుని
ముందు చార్టు చదువుకుంది, తనలో తాను.
తర్వాత సిరంజి.
మళ్లీ చార్టు.
"ఎంత తీశావు?"
"నలభై."
"నిన్న ఎంత ఇచ్చారు?"
పై వరసలోనే ఉంది, నీలం సిరాతో, నిదానంగా.
నాలుగు.
నా కన్ను అంత దూరం పోలేదు.

అది సున్న కాదు.
యూనిట్లకు పొట్టి గుర్తు, ఇంగ్లీషు యూ.
నిద్రమత్తులో నోరు మూసుకుపోయిన యూ.
రెండో తరగతిలో పది రాయమంటే
పంది అని రాసి గోడకుర్చీ వేశాను.
ఒక్క సున్నకే మాట మారిపోతుందని అప్పుడే చెప్పారు అయ్యవారు.
ఇక్కడ మాటతో పోదు.
చెమటలు, వణుకు,
ఆ తర్వాత ఎన్నిసార్లు పిలిచినా
ఆమా అనని గొంతు.

డాక్టరుకు ఫోన్. నాలుగే అన్నాడు.
నన్నెవరూ తిట్టలేదు. అది మరీ కష్టం.
కొత్త సిరంజిలో నాలుగు గీతలు,
ఉందా లేదా అన్నంత తడి.
గోవిందమ్మాళ్ చీమ కుట్టిందని నవ్వింది.
ఇడ్లీలొచ్చాక ఒకటి నాకివ్వబోయింది.

మధ్యాహ్నం సిస్టర్ రిజిస్టరు తెరిచి పెట్టింది.
"రాయి."
"ఏం జరగలేదు కదా సిస్టర్."
"అందుకే రాయి."
వేళ, మంచం నంబరు, మందు.
చెయ్యి వణికింది అని రాసి, బరబరా కొట్టేయబోయాను.
"ఒక్క గీతే గియ్యి.
కింద ఏముందో రేపటి పిల్లకి కనబడాలి."

ఇప్పుడు యూనిట్లు అని పూర్తిగా రాస్తాను.
చోటు చాలకపోతే గడి దాటిపోతాను.

శనివారం లోకల్లో ఇంటికి పోతుంటే
గుమ్మిడిపూండి దాటాక, ఎదురు సీట్లో ఒక పిల్ల
ఒళ్లో పుస్తకం పెట్టుకుని లెక్కలు చేస్తోంది.
బండి కుదుపుకి అంకెలన్నీ ఊగుతున్నాయి.
"అది నలభైయేనా?" అన్నాను.
"ఆమా" అంది, తలెత్తకుండా.
నాలుక కరుచుకున్నాను.
"కాదులే, నేను చెప్పను.
ఏం రాశావో నువ్వే చదువు."