కొసరు

వంతెన దాటి లూయిస్టన్ వస్తాను
గురువారాలు, నాలుగున్నరకి.
లీబాన్ మెట్ల మీద నల్ల కళ్లద్దాలతో కూర్చుని ఉంటాడు.
అక్టోబరు మబ్బు కూడా ఇప్పుడు వాడికి ఎండే.
కారులో రేడియో పెట్టను.
ఇండికేటర్ టకటకకే వాడి దవడ బిగుసుకుంటుంది,
అందుకని మలుపుల్లో
అద్దం దించి చెయ్యి చాపుతున్నాను, పాతకాలం లారీవాడిలా.

మూడు వారాలైంది.
కార్నర్ నుంచి బంతి గాల్లోకి లేచింది.
దానికోసం వాడు ఎగిరాడు, నేనూ ఎగిరాను.
నా మోకాలు, వాడి కణత.
ఫౌల్ కూడా కాదన్నాడు రిఫరీ.
వాడు లేచి, గ్లవ్స్ సర్దుకుని
తిన్నగా మా గోల్‌పోస్టు దగ్గరికి నడిచిపోయి
కాపలాకి నిలబడ్డాడు.
మావాళ్లు ఒకరిద్దరు నవ్వారు.
నేనూ నవ్వాననే అనుమానం.

స్కానులో ఏమీ లేదన్నారు.
ఏమీ లేకపోతే
నెలలు వెనకనుంచి చెప్పమంటే
సెప్టెంబరు దగ్గర ఎందుకు దారి తప్పుతాడు?
వాళ్లమ్మ హోదన్ గిన్నె మీద మూత పెట్టిన చప్పుడుకి
పద్దెనిమిదేళ్లవాడు ఎందుకు ఏడ్చాడు?

డాక్టర్ జెర్మేన్ పెల్కే గదిలో
కర్టెన్లు సగం దించి ఉంటాయి.
మొదటిరోజే చెప్పేసింది:
"అసలు వైద్యం నిద్ర, మెల్లటి నడక,
ఫోను లేని సాయంత్రాలు.
నేను చేసేది కొసరు."

తలవైపు స్టూలు లాక్కుని
రెండు అరచేతులూ దోసిలి చేసి
వాడి తల కింద పెడుతుంది.
ఇక ఏమీ చెయ్యదు.
దీనికా ఇంత డబ్బు అనుకున్నాను మూల కుర్చీలోంచి.
తర్వాత కనిపించింది:
మెడా పుర్రే కలిసేచోట ఆమె వేళ్లు
బియ్యంలో రాళ్లు ఏరుతున్నట్టు కదులుతున్నాయి,
రాయి తగిలినచోట ఆగుతున్నాయి.
తియ్యవు. తొయ్యవు.
అది తనంతట తను కరిగేదాకా కూర్చుంటాయి.
"దెబ్బ ఎప్పుడో అయిపోయింది,
ఆ సంగతి మెడకింకా తెలీదు," అంటుంది.

ప్రతివారం ఒక కాగితం. ఇరవై రెండు ప్రశ్నలు,
ఒక్కోదానికి సున్నా నుంచి ఆరు.
డెబ్బై ఒకటి. యాభై మూడు. ముప్పై ఎనిమిది.
ఆపైన మేనమామ పెళ్లి, డప్పులు, మళ్లీ నలభై నాలుగు.

"తగ్గేది మీ చేతులవల్లేనా?" అని అడిగాను.
"కొంత రోజులవల్ల, కొంత వయసువల్ల.
నా వాటా ఎంతో విడదీసి చెప్పలేను.
చెప్పగలనన్నవాణ్ణి నమ్మకు."

ఇవాళ నన్ను దగ్గరికి పిలిచింది,
"లీబాన్ సరేనంటే, చెయ్యి పెట్టి చూడు."
వాడు కళ్లు తెరవకుండానే
"వద్దు, ఎతియెన్," అన్నాడు.
కోపంగా కాదు. "ఇప్పుడే వద్దు."
చాచిన చెయ్యి ఎక్కడ పెట్టుకోవాలో తెలీక
ఆవిడ తువ్వాలు మడతపెట్టాను,
ముందే మడతపెట్టి ఉన్నదాన్ని.

తిరిగొస్తుంటే, నది పక్కన, అడిగాడు:
"ఇంతకీ ఆ బంతి ఏమైంది?"
"బారు మీంచి బయటికి."
"ఇంతాచేసి, బయటికా!"
నవ్వాడు. నవ్వుకి నొప్పి లేచి
తన తలని తనే
రెండు చేతుల్లోకి తీసుకున్నాడు,
అచ్చం ఆవిడలా, అడుగునుంచి.

కారు పక్కకి తీశాను.
ఇంజను ఆపేశాను.
గడియారం చూడలేదు.