భుజం దాకా

పాత వంతెనకు ఆరు తూములు.
ఆరో తూము కింద నడివేసవిలో కూడా పాదం తడిసేది.
ఆ తడిని నేను లెక్కలోకి తీసుకోలేదు.
టేపు, లెవెల్ మిషను, ఎర్ర జెండాలు,
నా పని వాగు వెడల్పు వరకే.

మూడేండ్ల కింది వరదకు
పరకాల బస్సు ఇవతలే ఆగిపోతే
పురిటినొప్పుల మనిషిని
ట్రాక్టర్ ట్యూబు మీద దాటించిన ఊరు ఇది.
వంతెన వద్దన్నవాళ్ళు ఎవరూ లేరు.
కొంరవ్వ కూడా అనలేదు.
ఆమె అడిగింది ఒక్కటే:
"పిల్లర్లు ఏడ దిగుతయి సారూ? తుంగలనా?"

తుంగలోనే.
ఒక ఎకరం పదిహేడు గుంటలు.
కాగితం మీద దాని పేరు 'జవుకు, నిరుపయోగం'.
ఆ నిరుపయోగం నుంచే ఏడాదికి ఇరవై చాపలు,
మేడారం పోయే బండ్లలో పరుచుకునేవి,
బాలింత కింద వేసేవి,
చివరికి మనిషిని చుట్టేవి.

దానికి బదులు వాగు ఎగువన
మూడెకరాల చిత్తడి తయారు చేయాలని
హన్మకొండ నుంచి ఉత్తరం.
గోడ కట్టినవాణ్ణి, మోరీ కట్టినవాణ్ణి,
బురద ఎట్లా కట్టాలో నాకెవరు నేర్పారు?

అప్రోచ్ రోడ్డుకు మొరం తవ్విన గుంత ఉంది కదా,
దానికే కాలువ తీశాం.
నర్సరీ నుంచి తుంగ దుబ్బులు తెప్పించి
మిర్చి నారు పెట్టినట్టు
సాలుకు సాలు, మూరకు మూర నాటించాం.
ఫొటో బాగా వచ్చింది.
రోహిణి కార్తె దాటేసరికి
మూడెకరాల చీపురుపుల్లలు.

కొంరవ్వ గట్టు మీద కూచుని చూసింది, నవ్వలేదు.
నవ్వి ఉంటే బాగుండేది.
"మొక్కను తెచ్చిన్రు, మన్ను తేలే.
ఆ నల్ల బురదల
మా అత్త కోయంగ రాలిన గింజ సుత ఉంటది.
కాంక్రీటు పోయకముందే ఎత్తుకపోండ్రి."

ఎస్టిమేట్లో బురదకు రేటు లేదు.
'పనికిరాని మట్టి తొలగింపు' అనే పద్దు కింద
నలభై రెండు ట్రాక్టర్ల నల్ల బురద
రాత్రిపూట తోలించాను.
జేసీబీ నడిపే సర్వర్ పాషా
ప్రతిసారీ కిందికి దిగి లైటు వేసి చూసేవాడు.
ఒకసారి గడ్డలో కొర్రమట్ట కదిలింది,
నిద్ర లేపినందుకు తిట్టినట్టు నోరు తెరిచింది.
హెల్మెట్లో నీళ్ళు పోసి
ఒళ్ళో పెట్టుకుని తీసుకెళ్ళాడు దాన్ని,
స్టీరింగు ఒక్క చేత్తో తిప్పుతూ.

మొదటి వానకు ఏమీ లేదు.
రెండో ఏడు మృగశిరలో
నాటని చోట, సాలు తప్పి, ఇష్టమొచ్చినట్టు
పచ్చటి మొనలు.
తర్వాత కప్పలు.
వాటికి ఎవరు చెప్పారో!

దీన్ని గెలుపని చెప్పను.
పాత చోట ఊట, ఇక్కడ మళ్ళించిన నీళ్ళు.
శివరాత్రి దాటితే గుంత నడుమ నెర్రెలు.
తీతువు ఒకటి ఇంకా
వంతెన మూడో పిల్లరు చుట్టూ తిరుగుతూ
గుడ్లు పెట్టిన గడ్డ ఏదని అరుస్తుంది.
పైన బస్సు ఆగకుండా పోతుంది.
పిట్టకు ఎగువ దారి ఏ భాషలో చెప్పాలి?

మొన్న ఆఖరి తనిఖీ.
రిజిస్టరులో గడి: 'పునరుద్ధరణ ఎంత శాతం?'
కొంరవ్వ చీర ఎగజెక్కి, కొడవలితో దిగింది.
"పాత తుంగ నా కొప్పు మీదికెల్లి ఊగేది" అంటూ
ఒక కాడను ఒంటికి ఆనించి నిలబడింది.
చాలాసేపు పెన్ను జేబులోనే ఉంది.
తర్వాత శాతం గుర్తు కొట్టేసి రాశాను:
కొంరవ్వ భుజం దాకా.

పై ఆఫీసు వాపసు పంపుతుందని తెలుసు.
అది తిరిగి వచ్చేలోపు
ఇంకో జానెడు పెరుగుతుందేమో.