పండుకున్న అనాస

ఇది అనాస కాదు బిడ్డా, పండు రాదు.
మూడోసారి చెప్పిన షమ్మాకు.
ఆరేండ్ల పిల్ల,
వెన్న పూసే కత్తి ఒకటి పట్టుకొని
రోజూ కుండీ ముంగట కూసుంటది.

గడ్డను అరబ్బీల ఏమంటరో నాకు తెల్వదు.
బసల్ అన్న. ఉల్లిగడ్డ.
మరి ఉల్లిగడ్డకు నెత్తిమీద కొప్పెందుకు? అన్నది.
జవాబు దొరకక
పైపు తిప్పి పక్క చెట్టుకు నీళ్లు పట్టిన.

గోడవతలి డర్బన్ నర్సమ్మ
కాంట్రాక్టు అయిపోయి పోతూ పోతూ ఇచ్చింది,
పేపర్ సంచిల ఏడు గడ్డలు.
మెడ మట్టి మీదికి ఉండాలె, నీళ్లు తక్కువ, నడి ఎండ వద్దు.
అంతా చేతులతోనే చెప్పింది.
నేను గూడ చేతులతోనే సరే అన్న.

అక్టోబర్ల సంచి విప్పితే
నాటకముందే లేచి కూసున్నయి,
ఆకుపచ్చ ముక్కులు బయటపెట్టి.
వాటి ఊర్ల అప్పుడే ఎండకాలం మొదలట.
అల్ ఐన్ల సెగ దిగి
మనుషులు కిటికీలు తెరిసే నెల.
రెండు దేశాల గడియారం
ఒక్క దగ్గరనన్న కలిసింది.

కడిగిన ఇసుక రెండు పాళ్లు, మేకెరువు ఒక పాలు,
అడుగున కుండ పెంకులు.
పొద్దుటెండ పడి, పగటికి ఖర్జూరం నీడ వచ్చే చోటు.
అయినా రెండు పోయినయి.
టైమర్ మిషన్ పొద్దున మాపున చల్లుతనే ఉండె.
మిషన్‌కు గంటలెరికే, దూప ఎరుక లేదు.
తవ్వి చూస్తే వేళ్ల నడుమ గంజి లెక్క జారినయి.
ఆ మూలకు పోయే నాజిల్‌ను
ఆ రాత్రే గుడ్డపేలికతోని కట్టేసిన.
ఎవలకు చెప్పలే.

ఫిబ్రవరిల కాడ లేచింది,
ఒంటినిండ ఊదా పొడలతోని.
దాని సుట్టు నూరు చుక్కలు,
తెలుపుకు పచ్చకు నడుమ ఏదో రంగు,
కింది నుంచి మీదికి రోజుకొక వరుస విచ్చుకుంట.
కొసకు ఆకుల పిలక.
ఫోటో పంపితే మా లింబాద్రి
అనాసకు పూలు చుట్టినవా? అన్నడు.

వాసన మాత్రం చెప్పరాదు.
ఈగలు మెచ్చుకున్నయి.
మేడం ముక్కు మూసుకొని
మజ్లిస్ తలుపు కాడి నుంచి దూరం జరుపుమన్నది.
జరిపిన. వాసనే లేని దుకాణం పువ్వుల కంటే
ఇదే నయం, ఎవలో ఒకలు వస్తున్నరు.

మార్చిల షమ్మా కత్తి దిగింది.
పండు కోసం వెతికి వెతికి
పొడుగాకు ఒకటి మొదలు కాడికి తెంపింది.
ఏడుస్తుంటే కూసోబెట్టి
అదే కత్తితోని ఆకును నాలుగు తుంటలు చేయించిన.
కింది కొస కిందికే ఉండాలె,
తలకిందులైతే మొలవది.
ఎందుకని అడగలే.
ఊపిరి బిగబట్టి ఒక్కొక్కటి ఇసుకల గుచ్చింది.

మే నెల. ఆకులు పసుపెక్కి ఒరిగినయి.
సచ్చిపోయింది, పారేయి, అన్నది మేడం.
నౌమ్, అన్న,
చెంప కింద చెయ్యి పెట్టి చూపిన.
మా మెట్‌పల్లి దిక్కు పసుపు తవ్వినంక
విత్తనపు కొమ్ముల్ని నీడకు కుప్ప పోసి
పసుపాకు కప్పి, మట్టితోని అలికి వదిలేస్తరు.
సచ్చిందని ఎవ్వలనరు.

ఐదు గడ్డలు దులిపి, ఆరబెట్టి, రూంకు తెచ్చుకున్న.
జూన్ల పన్నెండున్నర నుంచి మూడు దాకా
బయట పని బంద్.
నలభై ఎనిమిది డిగ్రీలు కిటికీని గోకుతుంటే
మంచం మీద నేను, మంచం కింద అవి,
నడుమ ఏసీ గురక.

సెలవులకు పోయేముందు షమ్మా వచ్చింది, కత్తి లేకుంట.
ఇసుక కుండీ గుర్తుచేసింది. నేనే మరిచిన.
తుంటలు ఎండి కాగితమైనయి.
ఒకటి మెల్లగ లాగితే
కోసిన అంచుకు మూడు గడ్డలు, శెనగ గింజంత,
తెల్లగ, తడిగ.

కాసిందా? అన్నది.
ఈసారి కాదనలే.
తినేది కాదు, విషం, అని మాత్రం చెప్పి
అరచేతుల ఒకటి పెట్టిన.
ఇది గూడ పండుకుంటదా?
అక్టోబర్ దాకా.

పెన్సిల్ డబ్బా ఖాళీ చేసింది.
దూది పరిచి, పండబెట్టి, మూత పెట్టి
నాలుగడుగులు పోయి
మళ్ల తిరిగొచ్చి
మూత సన్నగ తెరిసిపెట్టింది.